"దేన్ కడప" అంటే తప్పెట్ల అవుతాది? కీ తప్పా, నా బుర్ర తప్పా?

హంద్రీ_గట్టు
బ్యాంకు ప్రిలిమ్స్‌కి చదువుతాండా. నిన్న కోచింగ్‌లో మాక్ టెస్ట్ పెట్టినారు, స్పాటింగ్ ఎర్రర్స్‌లో (ఇంగ్లీషు వాక్యంలో తప్పున్న ముక్క పట్టుకోవాల) ఒక బిట్టు ఇట్ల ఉండాది: "ది రెయిన్‌ఫాల్ ఇన్ అనంతపూర్ / ఈజ్ మచ్ లెస్ / దేన్ కడప / నో ఎర్రర్". నేను నో ఎర్రర్ పెట్టినా, కీలో మూడో ముక్క తప్పు అని ఇచ్చినారు. పావు మార్కు మైనస్. సార్‌ని అడిగితే "కంపారిజన్ రాంగబ్బా, రూల్ చూసుకో" అని నెక్స్ట్ బిట్టుకి పోయినాడు. అనంతపురంలో వాన కడప కంటే తక్కువే కదా, ఇందులో తప్పు యాడుంది? లెస్ ఉండాది, దేన్ ఉండాది, ఇంకేం కావాల వీళ్ళకి? ఇట్లాంటి బిట్టు ప్రతి టెస్ట్‌లో ఒకటో రెండో వస్తానే ఉంటాయి. తెలిసినోళ్ళు రూల్ నంబర్లు కాకుండా మనిషికి అర్థమయ్యేటట్ల చెప్పండి.

గడియారంస్తంభం_అనంత
మా ఊర్లో వాన పడదని చెప్పనీకి ఇంగ్లీషు గ్రామర్ కూడా కావల్నా అప్పా

కారందోశ_కడప
కీ కరెక్టే. నువ్వు వానని తీసుకోని పోయి కడపతో పోల్చినావు. ఒకపక్క వాన, ఒకపక్క ఊరు. "దేన్ ఇన్ కడప" అనన్నా ఉండాల, "దేన్ దట్ ఇన్ కడప" అనన్నా ఉండాల.

హంద్రీ_గట్టు
@కారందోశ సరే కానీ అర్థం కానిది ఎవరికి చెప్పు? కడప ఊరికంటే వాన తక్కువ అని ఏ పిచ్చోడైనా అనుకుంటాడా

ఆదోని_బుడ్డలు
మా మార్కెట్ యార్డులో రోజూ "ఆదోని రేటు కర్నూలు కంటే ఎక్కువ" అంటాం, ఇంతవరకు ఎవరూ కర్నూలు ఊరి రేటెంత అని అడగలా 😂

నంద్యాల_బ్యాచ్
ఇది ప్రతి కోచింగ్ సెంటర్లో ఫేవరెట్ బిట్టు. మా రూమ్‌లో షార్ట్‌కట్ ఏందంటే దేన్ తర్వాత ఊరు పేరో మనిషి పేరో ఒంటరిగా కనిపిస్తే ముందుకి పోయి దేన్ని పోలుస్తాండారో చూడాల. అది కూడా ఊరో మనిషో అయితే ఓకే, కాకపోతే మార్కు అక్కడే ఉంది. ఎక్కువ ఆలోచిస్తే టైం పోతాది.

పాత_ఇంగ్లీష్_సారు
షార్ట్‌కట్ మంచిదే కానీ అది ఎందుకు పనిచేస్తాదో తెలియకపోతే బిట్టు కొంచెం మారంగానే చిక్కుకుంటావు నాయనా. హైస్కూల్లో ఇదే చెప్పి చెప్పి రిటైర్ అయినోణ్ణి కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపికుంటే చదవండి.

దేన్ తర్వాత వచ్చేది సగం వాక్యమే. మిగతా సగం మనం మింగేస్తాం. పరీక్షలో ఆ మింగిన సగాన్ని బయటికి తీసి పూర్తి చేసి చదవాల. "రవి ఈజ్ టాలర్ దేన్ సురేష్" అంటే "దేన్ సురేష్ ఈజ్". అతుకుతాది. "ది రెయిన్‌ఫాల్ ఇన్ అనంతపూర్ ఈజ్ లెస్ దేన్ కడప ఈజ్" అని చదువు. కడప తక్కువ ఉండేదేంది? అక్కడే గొంతు పట్టుకుంటాది. "దేన్ ఇట్ ఈజ్ ఇన్ కడప" అని పూర్తి చేసి, అందులోంచి అక్కర్లేనివి తీసేస్తే "దేన్ ఇన్ కడప" మిగులుతాది. ఆ "ఇన్" మాత్రం తీయకూడదు. ముందు పక్క "ఇన్ అనంతపూర్" ఉంది, వెనక పక్క కూడా దానికి జత ఉండాల. బుడ్డల బస్తాని బుడ్డల బస్తాతోనే తూకం వేస్తారు కదా ఆదోని నాయనా, బస్తాని తెచ్చి యార్డు గేటుతో తూయరు.

మా చిన్న మనవరాలు, రెండో తరగతి, నోట్‌బుక్కులో "మై హెయిర్ ఈజ్ లాంగర్ దేన్ అక్క" అని రాసింది. వాళ్ళక్క ఏడో తరగతి, నాలుగున్నర అడుగులు ఉంటాది. అంటే ఈ పిల్ల జడ నేల మీద ఈడ్చుకుంటా పోవాల. అక్కని గోడకి నిలబెట్టి జడ పక్కన పెట్టి చూపించినా, పడీ పడీ నవ్వింది, తర్వాత తానే పెన్సిల్‌తో "అక్కాస్" అని చివర ఎస్ తగిలించింది. అంతే. "దేన్ అక్కాస్" అన్నా, "దేన్ దట్ ఆఫ్ అక్క" అన్నా పని అయిపోతాది. మనుషుల విషయంలో మొదటిదే సహజంగా ఉంటాది, "దట్ ఆఫ్ అక్క" అంటే కోర్టు కాగితం మాదిరి ఉంటాది.

కారందోశ_కడప
జడ బిట్టు సూపర్ సార్ 😂😂 మా ట్యూషన్ పిల్లోళ్ళకి రేపే చెప్తా

డీఎస్సీ_అక్క
సారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతా. మనకి ఇది రాకపోవడానికి కారణం తెలుగు అంటారు చాలామంది, నేను ఒప్పుకోను. "అనంతపురంలో వాన కడపలో కంటే తక్కువ" అని మనమూ అంటాం కదా, ఆ "లో కంటే" నే "దేన్ ఇన్". "నా జడ అక్కదాని కంటే పొడుగు" అంటే "అక్కాస్". తొందరలో "కడప కంటే" అనేస్తాం, వినేవాళ్ళు సర్దుకుంటారు. బిట్టు వచ్చినప్పుడు ముందు వాక్యాన్ని తెలుగులో తీరిగ్గా, అమ్మమ్మకి చెప్పినట్లు పూర్తిగా అనుకోండి. "లో" వచ్చిందా, "ది" వచ్చిందా చూడండి. నేను డీఎస్సీకి చదివినప్పుడు ఇట్లనే దారిలోకి తెచ్చుకున్నా.

గడియారంస్తంభం_అనంత
@హంద్రీ అసలు మీ కోచింగోళ్ళకి ఫ్యాక్ట్ అయితే తెలుసు. మా అనంతపురం సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ, కడపకి 700 దాకా ఉంటాది. "మచ్ లెస్" కరెక్టే, కడుపు కాలినట్లు కరెక్టు.

హంద్రీ_గట్టు
సారు చెప్పినాక వెలిగింది. అయితే "దట్ ఆఫ్" ఎప్పుడు, "దోజ్ ఆఫ్" ఎప్పుడు? ఇంకో బిట్టులో "ది రోడ్స్ ఆఫ్ కర్నూల్ ఆర్ నారోవర్ దేన్ దట్ ఆఫ్ అనంతపూర్" అని ఉంటే నేను దట్ ఆఫ్ చూసి సంతోషంగా నో ఎర్రర్ అనుకున్నా, అది కూడా పోయింది

నంద్యాల_బ్యాచ్
రోడ్స్ శానా, కాబట్టి దోజ్. ఈ ట్రాప్ ఇంకా డేంజర్ ఎందుకంటే మనం సగం నేర్చుకోని దట్ ఆఫ్ కనిపిస్తే చాలు టిక్ పెట్టేస్తాం.

బళ్ళారి_రోడ్డు
కర్నూలు రోడ్లు ఇరుకు అనేది గ్రామర్ బిట్టు కాదు జనరల్ అవేర్‌నెస్

ఆదోని_బుడ్డలు
కర్నూలోళ్ళ ముందు ఎండ సంగతి కూడా ఎత్తొద్దు, "హాటర్ దేన్ హెల్" అంటారు, అది కరెక్ట్ కంపారిజనే, రెండూ ప్లేసులే

గడియారంస్తంభం_అనంత
ఎండలో కర్నూలు ఫస్టు, నంద్యాల వెనకాలే. మేం ఊరికే కరువుకి ఫేమస్సు.

డాలస్_సీమోడు
అబ్బా మీరు ఇంత సీరియస్‌గా చదువుతాంటే చెప్పనీకి ఇబ్బందిగా ఉండాది కానీ ఇక్కడ ఎవరూ పట్టించుకోరు. నా ఆఫీసులో తెల్లోళ్ళే "అవర్ సేల్స్ ఆర్ బెటర్ దేన్ లాస్ట్ ఇయర్" అని మెయిల్స్ రాస్తారు, సేల్స్‌ని సంవత్సరంతో పోలుస్తాండారు, ఎవరూ ఉరేసుకోలేదు. "టాలర్ దేన్ మీ" అనే అంటారు, "టాలర్ దేన్ ఐ" అంటే వింతగా చూస్తారు. ఇంకోటి, పర్ఫెక్ట్‌కి మోర్ పెట్టకూడదు అని మాకు స్కూల్లో బెత్తంతో చెప్పినారు కదా, వీళ్ళ రాజ్యాంగం మొదటి వాక్యంలోనే, 1787లో రాసింది, "ఎ మోర్ పర్ఫెక్ట్ యూనియన్" అని ఉండాది. వాళ్ళ దేశమే తప్పు మీద నిలబడింది, మనకెందుకు టెన్షన్.

కారందోశ_కడప
@డాలస్ నువ్వు జాబ్ కొట్టినాక మాట్లాడతాండావు, పిల్లోడు జాబ్ కొట్టనీకి చదువుతాండాడు

పాత_ఇంగ్లీష్_సారు
డాలస్ నాయనా, నువ్వు చెప్పింది అబద్ధం కాదు. "దేన్ మీ" మాట్లాడే ఇంగ్లీషులో మామూలే, మంచి మంచి రచయితలే రాసినారు. దేన్ అనేది కంజంక్షనా ప్రిపొజిషనా అనే కొట్లాట 18వ శతాబ్దం గ్రామర్ పుస్తకాల కాలం నుంచి ఉంది, ఇంకా తెగలేదు. నాలుగు వందల ఏళ్ళ కింద ఇంగ్లీషోళ్ళు డబుల్ సూపర్‌లేటివ్, అంటే మోస్ట్, ఎస్ట్ రెండూ ఒకే మాటకి తగిలించడం, అది కూడా హాయిగా వాడినారు, నాటకాల్లో "మోస్ట్ అన్‌కైండెస్ట్" అని ఉంటాది. అట్లని ఆన్సర్ షీటులో రాస్తే మార్కు రాదు. పర్ఫెక్ట్, యునీక్ వీటికి మోర్ తగిలించొద్దు అని పరీక్షలోళ్ళు పట్టుకునే రూలు పట్టుకునే ఉండారు. మాట్లాడే నోటికి ఒకటి, పరీక్ష పెన్నుకి ఒకటి.

అయితే "ఐ", "మీ" తేడా ఒకచోట మాత్రం ఉత్త చాదస్తం కాదు. "షి లైక్స్ హిమ్ మోర్ దేన్ ఐ" అంటే నాకున్న ఇష్టం కంటే ఆమెకి అతనిమీద ఇష్టం ఎక్కువ. "మోర్ దేన్ మీ" అంటే నామీద కంటే అతనిమీద ఆమెకి ఇష్టం ఎక్కువ. కాపురాలు కూలే తేడా.

ఆదోని_బుడ్డలు
అంటే "ఐ లైక్ ఉగ్గాని మోర్ దేన్ మై వైఫ్" అని స్టేటస్ పెడితే?

డీఎస్సీ_అక్క
రెండు అర్థాలు వస్తాయి అన్నా. ఒకటి, వదినకి ఉగ్గాని మీద ఉండే ఇష్టం కంటే నీకు ఎక్కువ. రెండోది, వదిన మీద కంటే ఉగ్గాని మీద నీకు ఇష్టం ఎక్కువ. వదిన ఖచ్చితంగా రెండోదే చదువుతాది.

ఆదోని_బుడ్డలు
దీనికి పరిష్కారం?

డీఎస్సీ_అక్క
"మోర్ దేన్ మై వైఫ్ డజ్". ఆ డజ్ ఒక్కటి పెట్టు, రాత్రికి అన్నం దొరుకుతాది. నేను నవ్వులాటకి చెప్పడం లేదు, ఇదే మెయిన్స్‌లో కూడా అడుగుతారు. అర్థం రెండు దారులు పోయే చోట డూ, డజ్, డిడ్ వెనక్కి తెచ్చి పెట్టాల.

బెంగుళూరు_శనివారం_బస్సు
నాకు ఆఫీసులో ఇదే జరిగింది. నేను రివ్యూలో "ది క్లయింట్ ట్రస్ట్స్ ది టెస్టింగ్ టీమ్ మోర్ దేన్ అవర్ మేనేజర్" అని రాసినా. నా ఉద్దేశం మేనేజర్ కంటే క్లయింట్‌కే మా టీమ్ మీద నమ్మకం ఎక్కువ, కాబట్టి ఆయన కూడా కొంచెం నమ్మాలని. ఆయన చదువుకుంది ఏందంటే క్లయింట్‌కి ఆయన మీద కంటే మా మీద నమ్మకం ఎక్కువ అని. వారం రోజులు మొహం చూపించలే. గ్రామర్ ఎవరూ పట్టించుకోరు అనే డాలస్ అన్నకి ఇది డెడికేట్ చేస్తాండా.

డాలస్_సీమోడు
ఒప్పుకున్నా ఒప్పుకున్నా 🙏 కానీ అది అర్థం చెడింది కాబట్టి తప్పు. "దేన్ లాస్ట్ ఇయర్" లో అర్థం చెడలేదు. నా పాయింట్ అదే.

పాత_ఇంగ్లీష్_సారు
"దేన్ లాస్ట్ ఇయర్" లో లాస్ట్ ఇయర్ అనేది కాలం చెప్పే మాట, "దే వర్ లాస్ట్ ఇయర్" అని పూర్తి చేస్తే సరిగ్గానే అతుకుతాది. కాబట్టి తెల్లోళ్ళ మెయిల్‌లో తప్పే లేదు నాయనా.

డాలస్_సీమోడు
ఇన్నేళ్ళు వాళ్ళని అనవసరంగా చిన్నచూపు చూసినానే

హంద్రీ_గట్టు
ఇంకో డౌటు, "ఎనీ" "ఎనీ అదర్" కథ ఏంది. "అనంతపూర్ వాస్ లార్జర్ దేన్ ఎనీ డిస్ట్రిక్ట్ ఇన్ ఆంధ్రప్రదేశ్" తప్పంట, అదర్ కావాలంట

గడియారంస్తంభం_అనంత
19,130 చదరపు కిలోమీటర్లు అప్పా మాది, ఉమ్మడి రాష్ట్రంలో కూడా మేమే పెద్ద. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా విడదీసినాక ఆ గొప్ప పోయింది. అందుకే "వాస్" పెట్టినారు, చూసినావా ఎంత పద్ధతిగా ఏడిపించినారో

కారందోశ_కడప
అనంతపురం కూడా ఆంధ్రాలో ఒక జిల్లానే కదా. "ఎనీ డిస్ట్రిక్ట్" అంటే అందులో అనంతపురం కూడా వచ్చేస్తాది, దాని కంటే అదే పెద్దది ఎట్లవుతాది? అందుకే దాన్ని పక్కకి తీయనీకి అదర్.

నంద్యాల_బ్యాచ్
కంపారిటివ్ (లార్జర్, టాలర్ లాంటిది) కనిపిస్తే ఎనీ అదర్, గుడ్డిగా పెట్టేయ్

పాత_ఇంగ్లీష్_సారు
గుడ్డిగా పెట్టొద్దు! "అనంతపూర్ ఈజ్ లార్జర్ దేన్ ఎనీ డిస్ట్రిక్ట్ ఇన్ కేరళ". ఇక్కడ అదర్ పెడితే తప్పు, ఎందుకంటే అనంతపురం కేరళలో లేదు. పెడితే అనంతపురాన్ని తీసుకోని పోయి కేరళలో కలిపినట్లు. వస్తువు ఆ గుంపులోదేనా, బయటిదా, అదొక్కటే చూడాల. లోపలిదైతే అదర్, బయటిదైతే వద్దు.

గడియారంస్తంభం_అనంత
కేరళలో కలిపితే కలపనీ సార్, వానలన్నా పడతాయి. పాత అనంతపురం ఒక్కటే కేరళ మొత్తంలో దగ్గర దగ్గర సగం ఉండేది, వాళ్ళే మాలో కలవాల.

డీఎస్సీ_అక్క
మనవైపు ఉదాహరణే ఇంకోటి. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను, 1989లో గిన్నిస్ బుక్కులో ఎక్కింది, దగ్గర దగ్గర ఐదెకరాలు అల్లుకోని ఉంటాది. "ఇట్ ఈజ్ లార్జర్ దేన్ ఎనీ ట్రీ ఇన్ ది డిస్ట్రిక్ట్" అంటే తప్పు, అది కూడా ఆ జిల్లా చెట్టే. "లార్జర్ దేన్ ఎనీ ట్రీ ఇన్ కర్నూల్" అంటే కరెక్టు. సూపర్‌లేటివ్‌కి వచ్చేసరికి ఉల్టా, "ది లార్జెస్ట్ ఆఫ్ ఆల్ అదర్ ట్రీస్" అనకూడదు, "ఆఫ్ ఆల్ ట్రీస్" అనాల. లార్జెస్ట్ అన్నప్పుడు అది గుంపులో ఉంటేనే ఫస్టు వస్తాది కదా, బయటికి తీసేసి ఫస్టు ర్యాంకు ఎట్లిస్తావు.

హంద్రీ_గట్టు
ఈ సూపర్‌లేటివ్ ముక్క మా మెటీరియల్లో లేదు అక్కా. స్క్రీన్‌షాట్ తీసుకున్నా

సైలెంట్_రీడర్_7
ఎప్పుడూ రాయను, ఈరోజు రాస్తాండా. సీనియర్ దేన్ అంటే ఎందుకు తప్పు? మా ఆఫీసులో అందరూ అదే అంటారు

పాత_ఇంగ్లీష్_సారు
సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్, ప్రయర్, ఇవి లాటిన్ నుంచి వచ్చినవి, అక్కడే కంపారిటివ్‌గా పుట్టినవి. వీటికి దేన్ కాదు, టు. "ప్రయర్ టు 1956, కర్నూల్ వాస్ ది క్యాపిటల్ ఆఫ్ ఆంధ్ర స్టేట్". చరిత్ర, గ్రామర్ రెండూ గుర్తుంటాయి. ప్రిఫర్‌కి కూడా టు నే. "ఐ ప్రిఫర్ సంగటి టు రైస్". ముందు మోర్ కూడా తగిలించొద్దు, "మోర్ సుపీరియర్", "మోర్ ప్రిఫరబుల్" అంటే మోర్ రెండుసార్లు చెప్పినట్లు.

బళ్ళారి_రోడ్డు
మా వీధి చివర టిఫిన్ బండి మీద "మోర్ బెటర్ టేస్ట్" అని ఎర్ర పెయింటుతో రాసినారు సార్. దోశ మాత్రం నిజంగానే మోర్ బెటర్.

కారందోశ_కడప
"మచ్ బెటర్" అని మార్చుకోమను, పెయింటు ఖర్చు తక్కువే. మచ్, ఫార్ పెట్టొచ్చు, వెరీ బెటర్ మాత్రం వద్దు.

నంద్యాల_బ్యాచ్
నాకు ఎక్కువ పోయేది "వన్ ఆఫ్ ది" దగ్గర. "బెలుం ఈజ్ వన్ ఆఫ్ ది లాంగెస్ట్ కేవ్ ఇన్ ఇండియా". చదివేటప్పుడు చెవికి బాగానే వినిపిస్తాది, కేవ్స్ అని కళ్ళకి కనపడదు

డీఎస్సీ_అక్క
మూడు కిలోమీటర్ల పైన పొడుగుండే గుహ దగ్గర ఒక ఎస్ కనపడకపోవడం సహజమే లే. పొడుగైన గుహలు కొన్ని ఉన్నాయి, వాటిలో ఇదొకటి, అందుకే కేవ్స్. దీన్నే పాజిటివ్ డిగ్రీలోకి మార్చమంటే "వెరీ ఫ్యూ కేవ్స్ ఇన్ ఇండియా ఆర్ యాజ్ లాంగ్ యాజ్ బెలుం". పదో తరగతిలో అందరం బట్టీ కొట్టిందే.

సరే ఇంత చెప్పుకున్నాం కాబట్టి మూడు వాక్యాలు ఇస్తా, హంద్రీ తమ్ముడు ఫస్టు చెప్పాల, వేరేవాళ్ళు ఆగండి.
"హి ఈజ్ యాజ్ గుడ్, ఇఫ్ నాట్ బెటర్ దేన్, హిజ్ బ్రదర్."
"ఆఫ్ ది టూ ఫీల్డ్స్, దిస్ ఈజ్ ది బెస్ట్."
"టు గో బై ట్రైన్ ఈజ్ చీపర్ దేన్ గోయింగ్ బై బస్."

హంద్రీ_గట్టు
మూడోది తెలుసు, ముందు టు గో, వెనక గోయింగ్, జత కలవలే. రెండు పక్కలా గోయింగ్ పెట్టాల. రెండోది, రెండే చేన్లు కాబట్టి బెస్ట్ కాదు, "ది బెటర్". మొదటిది... దేన్ ఉండాది, బెటర్ ఉండాది, తప్పేముంది?

ఆదోని_బుడ్డలు
మళ్ళా మొదలుపెట్టినాడు

కారందోశ_కడప
"ఇఫ్ నాట్ బెటర్" ముక్క తీసేసి చదువు తమ్ముడూ. "హి ఈజ్ యాజ్ గుడ్ దేన్ హిజ్ బ్రదర్" వస్తాది.

హంద్రీ_గట్టు
ఓహ్. "యాజ్ గుడ్ యాజ్, ఇఫ్ నాట్ బెటర్ దేన్". రెండో యాజ్ మింగేసినారు

డీఎస్సీ_అక్క
పాస్. మూడోదానికి రెండు పక్కలా "టు గో" పెట్టినా ఒప్పుకుంటారు, ఆప్షన్లలో ఏది ఉంటే అది.

బళ్ళారి_రోడ్డు
ట్రైన్ చీపర్ అనేది కరెక్టే కానీ కర్నూలు నుంచి అనంతపురానికి టైముకి ట్రైన్ ఉంటే కదా

గడియారంస్తంభం_అనంత
@బళ్ళారి ఇది స్పాటింగ్ ఎర్రర్స్ అప్పా, రైల్వే కంప్లైంట్ల థ్రెడ్ పక్కన ఉండాది